కాలిన నేల విడిచి

ఇరవై మంది పొద్దున్నే గుట్ట ఎక్కారు. పొద్దు వాలేసరికి ఒక్కడు మిగిలాడు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, యార్నెల్ అనే చిన్న ఊరి పక్కనున్న వీవర్ కొండల్లో, 2013 జూన్ 30 ఆదివారం నాడు జరిగింది ఇది. చివర ఏమవుతుందో తెలిసీ నేను ఈ కథ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తుంటాను. వెళ్లిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట వాళ్లు ఆగిపోతారేమోనని, ఎవరో ఒకరు వెనక్కి పిలుస్తారేమోనని పిచ్చి మనసు ఎదురుచూస్తుంది. సాయంత్రం నాలుగు దాటిన కాసేపటికి వాళ్లు లేచి నడక మొదలుపెడతారు. ఆపైన ఒక్కో వాక్యం చదవడం నాకు కష్టమవుతుంది.

ఫీనిక్స్ నుంచి ప్రెస్కాట్‌కు 89వ నంబరు రోడ్డు పట్టుకుని వెళ్తే, సొనొరన్ ఎడారి కిందనే ఉండిపోయి దారి ఒక్క ఉదుటున కొండెక్కుతుంది. ఎక్కినచోటే యార్నెల్. ఒకనాటి బంగారు గనుల ఊరు. ఆ ఏటికి అక్కడ ఉన్నది సుమారు 650 మంది. వాళ్లలో చాలామంది ఉద్యోగాలు ముగించుకుని, కాస్త చల్లటి చోట ఉన్నన్నాళ్లూ ప్రశాంతంగా ఉందామని వచ్చిన పెద్దవాళ్లు. ఊరి చుట్టూ నున్నటి గుండ్రాళ్లు, ఎవరో తీరిగ్గా కూర్చుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. హైదరాబాదు శివార్లలోనో అనంతపురం దారిలోనో ఇలాంటి గుట్టలు చూసిన కళ్లకు అవి కొత్త కావు. కొత్తది ఆ రాళ్ల మధ్య పెరిగే పొద. ఎడారి అంటే మనకు ఇసుకే తోస్తుంది, ఇసుక కాలదు కదా అనుకుంటాం. ఆ ఎడారి అంచు కొండల మీద పొట్టి ఓకులు, మాంజనీటా, పిల్లి గోళ్లలాంటి ముళ్లున్న క్యాట్‌క్లా కలిసి, మనిషి తల మునిగే ఎత్తున, చెయ్యి దూరనంత చిక్కగా అల్లుకుంటాయి. చపరాల్ అంటారు దాన్ని. యార్నెల్ పక్కనున్న చపరాల్ 45 ఏళ్లకు పైగా కాలలేదు. రాలిన ఆకు రాలినట్టే, ఎండిన కొమ్మ ఎండినట్టే, ఏటికేడు అడుగున పేరుకుంటూ వచ్చింది.

జూన్ ఆఖరంటే మనకు ఆరుద్ర కార్తె. తడిసిన చేలల్లో ఎర్రటి ముఖమల్ పురుగు కనిపించే రోజులు. అరిజోనాలో అప్పటికి ఇంకా రోహిణి ఎండలే. అక్కడ వాన జూలైలో గానీ అందుకోదు. దానికంటే ముందు మబ్బు వస్తుంది, ఉరుము వస్తుంది, పిడుగు పడుతుంది. చినుకు మాత్రం నేల చేరకముందే గాలిలోనే ఆవిరైపోతుంది. ఆవిరైపోతూ అది చల్లబరిచిన గాలి బరువెక్కి, మబ్బు కింది నుంచి దభాలున నేల మీద పడి, నలుదిక్కులకూ పరుగెడుతుంది. మంటల దగ్గర పనిచేసేవాళ్లకు ఎండ అలవాటే, సెగ అలవాటే. ఆ గాలంటేనే భయం.

మంటలార్పేవాళ్లనగానే మనకు నీళ్ల గొట్టాలు గుర్తొస్తాయి. వీళ్ల దగ్గర గొట్టాలుండవు. హాట్‌షాట్స్ అని పిలిచే ఈ బృందాలు బండి పోలేని చోటికి నడిచి వెళ్తాయి. భుజాన 20 కిలోల బరువు. ముందువాళ్లు రంపాలతో పొద కోస్తే, వెనకవాళ్లు దాన్ని ఈడ్చి పారేస్తారు. ఆ వెనక పులాస్కీ పట్టినవాళ్లు. ఒక వైపు గొడ్డలి, మరో వైపు బాడిస ఉన్న పనిముట్టు అది. వేళ్లు పెకలించి, ఎర్రమట్టి బయటపడేదాకా నేల గీకుతూ పోతారు. మన నల్లమలలో, శేషాచలంలో అటవీశాఖ వేసవికి ముందు కొట్టించే ఫైర్ లైన్ లాంటిదే. కాకపోతే వీళ్లు కొట్టేది మంట ఎదుట నిలబడి. ఆ గీత దగ్గరికొచ్చిన మంట తిండి దొరక్క చావాలి.

వాళ్ల మాటల్లో కాలిన నేల పేరు నలుపు. ఇంకా కాలని నేల పేరు పచ్చ. పదికాలాల పాటు పచ్చగా ఉండమని దీవించే భాష మనది. కాపురం పచ్చగా ఉండాలంటాం, పచ్చని పందిరి అంటాం. వాళ్లకు ఆ పచ్చలోనే మృత్యువు కాచుకుని ఉంటుంది, బూడిద తల్లి ఒడి అవుతుంది. ఒకసారి కాలినచోటికి మంట మళ్లీ రాదు కదా. అందుకే పనిలో చేరిన మొదటి రోజుల్లోనే నేర్పుతారు: ఒక కాలు ఎప్పుడూ నలుపులో ఉంచుకో.

ఆ పాఠం వీళ్లకు బాగా వచ్చు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పంతొమ్మిది మంది పోయారనగానే తెలియనివాళ్లు, తొందరపడ్డవాళ్లు అనుకోవడం తేలిక. వీళ్లు అలాంటివాళ్లు కారు. గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్ అన్న పేరు ప్రెస్కాట్ పక్కనున్న కొండది. ఊరి చుట్టూ పొదలు కొట్టడానికి 2002లో మొదలైన బృందం, 2008లో హాట్‌షాట్ హోదా తెచ్చుకుంది. ఒక ఊరి అగ్నిమాపక శాఖ నడిపిన హాట్‌షాట్ బృందం దేశం మొత్తంలో ఇదొక్కటే. దాన్ని చేతులారా పెంచినవాడు ఎరిక్ మార్ష్, వయసు 43. అతని తర్వాత జెస్సీ స్టీడ్, 36, ఒకప్పటి మెరీన్ సైనికుడు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు. అందరికన్నా చిన్నవాళ్లకు 21. కొందరి ఇళ్లలో చంటిపిల్లలు.

ఆ జూన్ నెలలోనే, పన్నెండు రోజుల ముందు, వాళ్ల పేరిటి కొండే అంటుకుంది. ఆ కొండ దగ్గర మొసలి చర్మంలాంటి బెరడున్న జునిపర్ చెట్టు ఒకటుంది, వందల ఏళ్లది, ఆ జాతిలో దేశంలోనే మహావృక్షాల్లో ఒకటి. కుర్రాళ్లు దాని చుట్టూ పొద కోసి, గీత గీసి, మంట దాని మొదలు తాకకుండా కాపాడారు. తర్వాత వెళ్లి చూసుకున్నారు. చెట్టు బతికే ఉంది. దాని ముందు ఒకరి వీపు మీద ఒకరెక్కి, పండగనాడు ఉట్టి కొట్టే పిల్లల్లా పిరమిడ్ కట్టి ఫోటో దిగారు. ఆ ఫోటోలో ముఖాల నిండా మసి, నవ్వు. రెండు వారాలు తిరక్కముందే ఆ చెట్టు వాళ్లకు గుర్తుగా మిగిలింది.

జూన్ 28, శుక్రవారం, సాయంత్రం ఐదున్నర వేళ యార్నెల్ పక్క కొండ మీద పిడుగు పడింది. అంటుకున్నది అర ఎకరం ఉంటుందేమో. 50 సెంట్ల నేల. దారి లేని రాళ్లగుట్ట, చీకటి పడబోతోంది, ఆ రాళ్లలో రాత్రి మనుషుల్ని దించితే ఎవరికైనా కాలో చెయ్యో విరుగుతుంది. పొద్దున చూద్దామనుకున్నారు. అది తప్పని ఎలా అనగలం? మనుషుల క్షేమం చూసే అలా అనుకున్నారు. కానీ ఆ రాత్రి ఆ 50 సెంట్ల మంట ఒంటరిగా, ఎవరూ చూడకుండా, కొండ మీద మిణుకుమంటూ ఉండిపోయింది. ఈ కథలో నన్ను నిద్ర పోనివ్వని మొదటి దృశ్యం ఇదే.

శనివారం చిన్న విమానాలు ఎర్రటి మంటనిరోధక ద్రవం చల్లాయి. జైలు నుంచి తెచ్చిన ఖైదీల బృందం ఒకటి కొండెక్కి పనిచేసింది. మధ్యాహ్నానికి మంట అణిగినట్టే కనిపించింది. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో గాలి లేచింది. జీపులు పోయే సన్నటి బాట ఒకటి అప్పటిదాకా మంటకు హద్దుగా ఉంది. నిప్పు ఆ బాట దాటింది. బండి వెడల్పంత మట్టి. రాత్రికి మంట వంద ఎకరాలకు చేరింది. అప్పుడు ప్రెస్కాట్ కుర్రాళ్లకు పిలుపు వెళ్లింది.

ఆదివారం పొద్దున ఎనిమిది వేళకు వాళ్లు కొండ ఎక్కుతున్నారు. ఆ రోజు మార్ష్‌కు ఆ వైపు డివిజన్ మొత్తం చూసే బాధ్యత ఇచ్చారు, బృందాన్ని స్టీడ్ నడిపించాడు. మంట ఈశాన్యంగా, పీపుల్స్ వ్యాలీ వైపు పోతోంది. యార్నెల్ దాని వెనక ఉంది. వీళ్లు మంట మడమ దగ్గర, అది కాల్చి వదిలేసిన చోట కాలూని గీత మొదలుపెట్టారు. పనిలో భాగంగా కొంత పొదను తామే తగలబెట్టి నలుపును వెడల్పు చేసుకోబోయారు. పదకొండున్నర ప్రాంతంలో ఒక విమానం పొరపాటున ఆ నిప్పు మీదే ద్రవం పోసి ఆర్పేసింది. ఎవరూ కావాలని చేసింది కాదు. వాళ్లు మళ్లీ వంగి చేత్తో గీత గీసుకోసాగారు. ఆ ఉదయం ఆ నిప్పు అనుకున్నట్టు కాలి ఉంటే సాయంత్రం మరోలా ఉండేదా? తెలియదు. తెలియకపోవడమే గుండెలో ముల్లులా మిగిలింది.

బృందంలో 21 ఏళ్ల బ్రెండన్ మెక్‌డోనోను కావలికి పెట్టారు. కింద లోయలో, పాడుబడ్డ రోడ్డు యంత్రం పక్కన ఒక మిట్ట మీద ఒంటరిగా నిలబడి, మంట ఫలానా గుర్తు దాటితే వైర్‌లెస్‌లో చెప్పాలి. ఒకప్పుడు మత్తుమందులకు బానిసై దారి తప్పిన కుర్రాడతను, ఆ సంగతి తర్వాత తనే లోకానికి చెప్పుకున్నాడు. అలాంటివాడికి ఉద్యోగమిచ్చి నిలబెట్టినవాడు మార్ష్. 3 గంటల 26 నిమిషాలకు వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చింది: ఉత్తరాన కమ్ముకున్న ఉరుముల మబ్బు నుంచి బలమైన గాలి దూసుకొస్తోంది, గాలి దిక్కు మారుతుంది. ఆ సమాచారం కొండమీదికీ చేరింది. మరికాసేపటికి మంట తిరగబడింది. పొద్దుటి నుంచీ వెనకభాగంగా ఉన్నది ముఖమైంది. అది యార్నెల్ వైపు చూసింది.

నాలుగుకు పది నిమిషాలు తక్కువనగా మంట కావలివాడి గుర్తు దాటింది. అతను వైర్‌లెస్‌లో చెప్పి దిగి వచ్చేస్తుంటే, అటుగా వచ్చిన బ్లూ రిడ్జ్ హాట్‌షాట్స్ నాయకుడు చిన్న బండి మీద ఎక్కించుకున్నాడు. ఆ బండి రాకపోతే ఏమయ్యేదో. కాసేపటికే అతను నిలబడ్డ మిట్టను మంట కప్పేసింది. తర్వాత గ్రానైట్ మౌంటెన్ వాళ్ల బండ్లను కూడా మంట దారిలోంచి తప్పించి భద్రమైన చోటికి తీసుకెళ్లారు, వాళ్లు దిగొచ్చాక ఎక్కడానికి. ఖాళీ సీట్లతో ఆ బండ్లు ఎదురుచూశాయి.

ఆ వేళకు పంతొమ్మిది మందీ క్షేమంగా ఉన్నారు. ఈ వాక్యం దగ్గర నన్ను కాసేపు ఆగనివ్వండి. వాళ్లు నలుపులో ఉన్నారు. కాలి చల్లారిన గుట్ట మీద, రాళ్ల మీద కూర్చుని, దూరంగా ఊరి వైపు కదులుతున్న పొగను చూస్తున్నారు. వాళ్లే తీసుకున్న ఫోటోలున్నాయి. పసుపు చొక్కాలు, హెల్మెట్లు, కాళ్ల దగ్గర పనిముట్లు. కూర్చున్న తీరులో కంగారు లేదు. అక్కడే ఇంకో గంట కూర్చుని ఉంటే, నీళ్లు తాగుతూ, ఊరు కాలుతుంటే ఏమీ చేయలేక బాధపడుతూ కూర్చుని ఉంటే, రాత్రికి పంతొమ్మిది ఇళ్ల తలుపులు మామూలుగానే తెరుచుకునేవి.

నాలుగు దాటాక నాలుగు నిమిషాల ప్రాంతంలో లేచారు. మొదట కొండ వీపు మీద పాత బాట వెంట, మంట కనిపిస్తూనే ఉండగా నడిచారు. ఊరి అంచున బౌల్డర్ స్ప్రింగ్స్ రాంచ్ అని ఒక ఇల్లుంది. యజమానులు ఎంతో శ్రద్ధగా ఇంటి చుట్టూ పొదంతా కొట్టేసి ఉంచారు, మంట వస్తే తలదాచుకోవడానికి అది మంచి చోటని ఆ పొద్దునే పైఅధికారులు బృందానికి చెప్పారు. అటే వెళ్తున్నారు. బాట వెంట వెళ్తే చుట్టు, లోయలోంచి దిగితే దగ్గర. వాళ్లు లోయలోకి దిగారు. మూడు వైపులా గోడల్లా కొండ, ఎదుట మాత్రమే తెరిచిన గిన్నెలాంటి లోయ. నిండా తల మునిగే పచ్చ. దిగిన మరుక్షణం మధ్యలో కొండ అడ్డొచ్చి మంట కనుమరుగైంది. ఎవరి కావలీ లేదు. దాదాపు అరగంట పాటు వాళ్లెక్కడున్నారో, ఎటు పోతున్నారో కిందనున్న ఎవరికీ తెలియలేదు. ఆ అరగంటలో ఏం అనుకున్నారో, ఎందుకు లేచారో చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు.

నాకు తోచేది చెబుతాను, తప్పయితే ఆ ఆత్మలు క్షమించాలి. ఊరి మీదికి మంట పోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం వాళ్లకు చేతకాలేదు. ఆ ఊళ్లో ముసలివాళ్లున్నారు. వీళ్ల పని మంట ఎదుట నిలబడటం.

మబ్బు కింది గాలి గంటకు 65 కిలోమీటర్లు మించిన వేగంతో మంట మీద పడింది. 45 ఏళ్ల ఎండుపొద ఒక్కసారిగా లేచింది. లోయకున్న ఒక్క నోరు దగ్గరికే మంట చుట్టి వచ్చింది. 4 గంటల 39 నిమిషాలకు వైర్‌లెస్‌లో మొదటి కేక వినిపించింది, వెనక రంపాల రొద. కాసేపటికి మార్ష్ గొంతు. ఆ గొంతు విన్నవాళ్లంతా అది ఎంత నిబ్బరంగా ఉందో చెప్పుకుంటారు. తప్పించుకునే దారి మూసుకుపోయిందని, ఆశ్రయానికి చోటు చేసుకుంటున్నామని, చుట్టూ పొద తగలబెడుతున్నామని, గుడారాల్లో దూరాక మళ్లీ మాట్లాడతానని చెప్పాడు. మళ్లీ మాట్లాడలేదు. పైన పెద్ద విమానం నిండా ద్రవంతో చక్కర్లు కొడుతూనే ఉంది. ఎక్కడ పోయాలో పొగలో కనిపించలేదు.

నడుముకు కట్టుకునే ఆ గుడారం విప్పి చూస్తే, ఒక మనిషి బోర్లా పడుకుని ఒదిగేంత సంచి. పైన అల్యూమినియం రేకు, దాని కింద సిలికా నేత, లోపల ఫైబర్‌గ్లాస్. వెండిలా మెరుస్తుంది. దూరం నుంచి వచ్చే సెగను తిప్పికొడుతుంది గానీ మంట నేరుగా నాకితే ఆగలేదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆ లోయలో వేడి 1,090 డిగ్రీలు దాటింది. చోటు చదును చేసుకోవడానికి వాళ్లకు దొరికింది రెండు నిమిషాలకు లోపే. ఆ రెండు నిమిషాల్లోనూ రంపాలు పట్టినవాళ్లు కోస్తూనే ఉన్నారు. ఎవరూ విడిగా పరుగెత్తలేదు. పంతొమ్మిది మందీ పక్కపక్కనే దొరికారు.

ఆరు దాటాక పొగ పలచబడి హెలికాప్టర్ దిగగలిగింది. నడిచి వెళ్లి చూసిన వైద్య సహాయకుడు వైర్‌లెస్‌లో చెప్పిన మాటతో అందరి ఆశా తెగిపోయింది. వాళ్లు చేరాలనుకున్న ఆ ఇల్లు అక్కడికి 600 గజాలు. మంట దాని చుట్టూ పారి వెళ్లిపోయింది. ఇల్లు నిలిచింది, ఇంట్లో ఉన్నవాళ్లు బతికారు. ఊళ్లో వందకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి, ఊరివాళ్లలో మాత్రం ఒక్క ప్రాణమూ పోలేదు.

23 ఏళ్ల ముందు, 1990 జూన్ 26న, అదే అరిజోనాలో డ్యూడ్ మంటలో ఆరుగురు పోయారు, వాళ్లలో ఐదుగురు ఖైదీలు. అప్పుడూ పైనుంచి విరుచుకుపడ్డ గాలే. ఆ చావుల తర్వాతే కావలి, వైర్‌లెస్, తప్పించుకునే దారి, తలదాచుకునే చోటు, ఈ నాలుగూ లేకుండా అడుగు వేయవద్దన్న సూత్రం ప్రతి బృందానికీ నూరిపోశారు. గ్రానైట్ మౌంటెన్ కుర్రాళ్లకూ అది కంఠతా వచ్చు.

జూలై 7న పంతొమ్మిది తెల్లటి శవవాహనాలు ఫీనిక్స్ నుంచి ప్రెస్కాట్‌కు వరుసగా వెళ్లాయి, ఒక్కొక్కరికి ఒకటి. యార్నెల్ మీదుగానే వెళ్లాయి. రోడ్డు పొడవునా ఆ ఎండలో జనం నిలబడ్డారు. ఆ తర్వాత విచారణలు. సెప్టెంబరులో వచ్చిన నివేదిక ఎవరి నిర్లక్ష్యమూ కనిపించలేదంది. డిసెంబరులో రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం, మంటలార్పేవాళ్ల ప్రాణాలకంటే కాపాడలేని కట్టడాలకు, పచ్చిక బయళ్లకు ఎక్కువ విలువిచ్చారని తప్పుపట్టి, రాష్ట్ర అటవీ శాఖకు 5,59,000 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. రెండూ చదివాక నా మనసు రెండోదాని వైపే మొగ్గింది. చనిపోయినవాళ్లలో చాలామంది సీజన్ ఉద్యోగులు కావడంతో, రావాల్సిన భృతి కోసం కొన్ని కుటుంబాలు చాలాకాలం తిరగాల్సి వచ్చింది. ఆ బృందాన్ని మళ్లీ నిలబెట్టలేదు.

2016 నవంబరులో ఆ కొండను స్మారక పార్కుగా తెరిచారు. బాట వెంట 19 ఫలకాలు, రాయికి అమర్చి, ఒక్కోదాని మీద ఒక్కో ముఖం. బాట చివర, లోయ అడుగున, రాళ్లు నింపిన 19 ఇనుప బుట్టలు గొలుసులతో కలిపి గుండ్రంగా ఉంచారు. అక్కడ నిలబడితే ఆ ఇల్లు కనిపిస్తుంది. చుట్టూ పొద మళ్లీ పెరిగింది. పచ్చగా ఉంది.

ఫీనిక్స్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రెస్కాట్ చల్లదనానికనో, గ్రాండ్ కాన్యన్‌కనో ఉత్తరానికి బయల్దేరినప్పుడు, ఒక్కసారి పెద్దరోడ్డు వదిలి 89 పట్టుకోండి. యార్నెల్ రాబోతుండగా పార్కు గేటు వస్తుంది. రానూపోనూ ఏడు మైళ్ల నడక, నీడ తక్కువ. ఎండాకాలం వద్దు. నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. పిల్లల్ని తీసుకెళ్తే, ఫలకం ఫలకం దగ్గరా ఆగి ఆ పేరు వాళ్లచేత పైకి చదివించండి.